సంతోషానికి పదును

రాయలసీమ సాహిత్యంలో దుఃఖానికి పద్దు ఉంది. విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’ (1956) మొదలు సింగమనేని నారాయణ కథల దాకా, కరువు మనిషిని ఎక్కడెక్కడ కోస్తుందో సీమ రచయితలు చూపినంత దగ్గరగా చూపినవాళ్లు తెలుగులో తక్కువ. సంతోషం పద్దు మాత్రం దాదాపు ఖాళీ. పేపర్లో కదిరి పేరు కనిపిస్తే వాన రాలేదనో, చెనక్కాయ ఎండిపోయిందనో, ఊళ్లకు ఊళ్లు బెంగళూరుకు వలస పోతున్నాయనో ఉంటుంది. ఆ వార్తలు అబద్ధాలు కావు. అయితే అదే కదిరిలో ఫాల్గుణ మాసాన లక్ష్మీనరసింహస్వామి తేరు కదిలిన రోజు వీధులు పట్టనంత జనం ఉంటారు. తొలకరికి నేల తడిసిన సాయంత్రం ఊళ్లో ఒక్కరూ ఇంట్లో ఉండరు. అవీ వార్తలే, ఎవరూ రాయరు అంతే.

సంతోషం ఎలా పుడుతుంది, ఎంతసేపు నిలుస్తుంది, దాంతో మనిషి ఏం చేసుకోగలడు? గత యాభై ఏళ్లుగా మనస్తత్వ శాస్త్రం ఈ ప్రశ్నల చుట్టూ చాలా పని చేసింది. అందులో ఎక్కువ భాగం తిండికీ నీళ్లకూ దిగులు లేని దేశాల్లో, కాలేజీ విద్యార్థుల మీద జరిగింది. కదిరి ఉన్న పాత అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘాలను పడమటి కనుమలు ఆపేస్తాయి, ఈశాన్యం తూర్పు తీరాన్నే తడిపి అలసిపోతుంది. అలాంటి నేల మీద ఆ సిద్ధాంతాల్లో ఏవి నిలుస్తాయి, ఏవి రాలిపోతాయి అన్నదే ఇక్కడ చూడదలచుకున్నది.

ముందు ఒక గందరగోళం తీర్చుకోవాలి. ఏటా మార్చిలో ప్రపంచ సంతోష నివేదిక వస్తుంది. 2024లో 143 దేశాల్లో మనది 126వ స్థానం. పేపర్లు ‘సంతోషంలో వెనకబడ్డ భారత్’ అని వేస్తాయి. ఆ ర్యాంకుకు ఆధారం ఒకే ప్రశ్న: సున్నా నుంచి పది మెట్లున్న నిచ్చెనను ఊహించుకోండి, మీ బతుకు ఇప్పుడు ఏ మెట్టు మీద ఉంది? ఇది బతుకు మీద మనిషి ఇచ్చుకునే తీర్పు. మనవరాలు తొలి అడుగు వేసినప్పుడు అవ్వ గుండెలో పొంగేది దీనికి అందదు. మూడో మెట్టు మీద ఉన్నామని చెప్పిన మనిషే ఆ సాయంత్రం కోలాటంలో ఒళ్లు మరిచి ఆడొచ్చు. పదో మెట్టు వాడికి నెలల తరబడి నవ్వు రాకపోవచ్చు. ప్రభుత్వాలకు ఈ తేడా పట్టదు. 2018 ఏప్రిల్‌లో అమరావతిలో ‘హ్యాపీ సిటీస్’ సదస్సు జరిగింది. అలాంటి చోట్ల మాట్లాడేది ఎక్కువగా రోడ్లు, పార్కులు, సేవల గురించే. అవి కావలసినవే, కానీ వేరే సంగతి.

మన పాత శాస్త్రాలు ఈ తేడాను ముందే పట్టుకున్నాయి. నాట్యశాస్త్రంలో భరతుడు హర్షాన్ని స్థాయీభావాల్లో చేర్చలేదు, ముప్పై మూడు వ్యభిచారీ భావాల్లో ఒకటిగా పెట్టాడు. అంటే వచ్చి పోయేది, మరో భావానికి తోడుగా వచ్చేది. తైత్తిరీయోపనిషత్తు ఇంకో దారి పట్టింది. ఆరోగ్యం, చదువు, సంపద అన్నీ ఉన్న యువకుడి ఆనందాన్ని ఒక కొలతగా తీసుకుని, వందేసి రెట్లు పెంచుకుంటూ బ్రహ్మానందం దాకా లెక్క కట్టింది. ఆ లెక్క మొదలయ్యేది కడుపు నిండిన మనిషి దగ్గర. ఆ ఉపనిషత్తులోనే అయిదు కోశాల వరుస అన్నంతో మొదలై ఆనందంతో ముగుస్తుంది. ప్రవచనకారులు చివరి మెట్టు గురించి చెప్పినంత సేపు మొదటి మెట్టు గురించి చెప్పరు.

ఇక ఈ కాలపు పరిశోధన. నా దృష్టిలో కదిరికి అన్నిటికన్నా దగ్గరగా వచ్చేది మెదడు శాస్త్రం చెప్పిన ఒక సంగతి. 1990ల్లో వోల్‌ఫ్రామ్ షుల్జ్ కోతులకు పళ్లరసం చుక్కలు ఇస్తూ వాటి మెదడులోని డోపమైన్ కణాలను గమనించాడు. అనుకోకుండా రసం దొరికితే ఆ కణాలు చెలరేగాయి. దొరుకుతుందని ముందే తెలిశాక దొరికితే ఉలుకూ పలుకూ లేదు. దొరకాల్సింది దొరక్కపోతే మామూలు స్థాయి కన్నా కిందికి పడిపోయాయి. 2014లో రాబ్ రట్లెడ్జ్ బృందం దీన్నే మనుషుల్లో చూసింది. ఫోన్లో చిన్న పందేల ఆట ఆడిన 18 వేల పైచిలుకు మందిని మధ్యమధ్యలో ‘ఇప్పుడెలా ఉంది?’ అని అడిగింది. సంతోషం గెలిచిన మొత్తాన్ని బట్టి కన్నా, అనుకున్నదానికీ దక్కినదానికీ మధ్య తేడాను బట్టి పెరిగి తగ్గింది.

వాన ఎప్పుడొస్తుందో తెలియని చోట వాన ఇచ్చే సంతోషం కోనసీమలో వాన ఎందుకు ఇవ్వదో దీన్నిబట్టి తెలుస్తుంది. ఇందులో ప్రమాదం కూడా ఉంది. అది చూడాలంటే బోరు బండి దగ్గర నిలబడాలి.

చేలో లారీ ఆగుతుంది. అరచేతిలో టెంకాయ నిలబెట్టి నడిచినవాడో, వేపపుల్ల పట్టుకు తిరిగినవాడో చూపించిన చోట పసుపు కుంకుమ పెట్టి పూజ చేస్తారు. కంప్రెసర్ మోత మొదలైతే పక్కవాడి మాట వినపడదు. రాడ్డు మీద రాడ్డు దిగుతుంటే పైకి తెల్లటి రాతిపొడి లేస్తుంది, రైతు తలా మీసాలూ తెల్లబడతాయి. ఆయన బండివాళ్లను చూడడు, పొడినే చూస్తుంటాడు. రంగు మారిందా, తేమ తగిలిందా? ఒప్పుకున్న లోతు అయిపోతుంది. పొడి ఇంకా పొడిగానే ఉంది. “ఇంగో రెండు రాడ్లు దించు సామీ” అంటాడు. ఆ రెండూ దిగాక మళ్లీ అదే మాట. అడుగుకు ఇంతని రేటు, ఆ డబ్బు వడ్డీకి తెచ్చింది. ఉన్నట్టుండి పొడి ఆగి బురద చిమ్మి, ఆ వెనకే నురుగుతో నీళ్లు లేచాయా, “గంగ పడింది” అని కేక. పెద్దా చిన్నా ఆ నీళ్ల కింద నిలబడి తడుస్తారు, నోట్లో పోసుకుని ఉప్పో తీపో చూస్తారు, టెంకాయ కొడతారు. అంత సంతోషం పెళ్లిళ్లలో కూడా ఉండదు.

చాలాసార్లు గంగ పడదు. అమెరికా శాస్త్రవేత్త కెంట్ బెరిడ్జ్ చూపిన తేడా ఇక్కడ అక్కరకొస్తుంది. కోరుకోవడానికీ ఆస్వాదించడానికీ మెదడులో దారులు వేరు. డోపమైన్ లేకుండా చేసిన ఎలుకల నోట్లో తీపి పెడితే ఇష్టంగానే చప్పరించాయి, కానీ ఎదుట ఉన్నా అడుగేసి తెచ్చుకోలేదు. తిరగేసి చెప్పాలంటే, ఆస్వాదన ఏమీ లేకుండా కోరిక ఒక్కటే మనిషిని ఈడ్చుకుపోగలదు. నాలుగో బోరు, ఆరో బోరు వేయించే రైతును మూర్ఖుడనో జూదరి అనో అనడం తేలిక. ఎప్పుడో ఒకసారి, ఎప్పుడో తెలియకుండా దక్కే ఫలితం ఏ మెదడునైనా అలాగే పట్టేస్తుంది. దాన్ని ఎరగా మార్చేది అప్పు, నీటి మట్టం పడిపోయిన నేల. అందుకే సంతోషం గురించి మాట్లాడేటప్పుడు ‘ఆశ వదలకండి’ అనే సలహా కదిరిలో జాగ్రత్తగా ఇవ్వాలి.

డబ్బుతో సంతోషం రాదన్న మాట కూడా అంతే జాగ్రత్తగా వాడాలి. 1978లో ఫిలిప్ బ్రిక్‌మన్, ఆయన సహచరులు లాటరీ గెలిచిన 22 మందితో మాట్లాడి, వాళ్లు మిగతావాళ్లకన్నా సంతోషంగా ఏమీ లేరని, రోజువారీ చిన్న చిన్న సంగతుల్లో వాళ్లకు దక్కే ఆనందం తక్కువని తేల్చారు. ఆ చిన్న అధ్యయనాన్ని నలభై ఏళ్లు ఉపన్యాసాల్లో వాడేశారు. తర్వాత స్వీడన్‌లో లాటరీ గెలిచినవాళ్లను వేలల్లో చూస్తే బతుకు మీద సంతృప్తి పెరిగింది, ఏళ్లు గడిచినా నిలిచింది. రోజువారీ సంతోషం మీద ప్రభావం మాత్రం అంత స్పష్టంగా లేదు. మనకు ఇంకా దగ్గరిది 2013లో అచ్చయిన తమిళనాడు చెరకు రైతుల అధ్యయనం. పంట డబ్బు చేతికి రాకముందూ వచ్చాకా అదే రైతుకు అవే రకం బుద్ధి పరీక్షలు పెట్టారు. డబ్బు రాకముందు మార్కులు తగ్గాయి. తెలివి తగ్గలేదు, దిగులు దాన్ని ఆక్రమించింది. దిగులు అంత చోటు తీసుకున్నాక సంతోషానికి మిగిలేది ఎంత? కదిరి వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన కదిరి-6, కదిరి లేపాక్షి లాంటి వేరుశెనగ రకాలను కూడా ఈ సమీక్షలో లెక్క వేయాలంటాను నేను. వాన మధ్యలో ఎగ్గొట్టినా నాలుగు కాయలు దక్కితే ఆ ఇంట్లో రాత్రి మాటల తీరే వేరుగా ఉంటుంది.

డబ్బు లేకపోతే సంతోషం తగ్గుతుందన్నదానికి ఎదురు వాదన ఒకటుంది. రాబర్ట్ బిస్వాస్-డీనర్, ఎడ్ డీనర్ 2001లో కోల్‌కతా మురికివాడల వాళ్లను, ఫుట్‌పాత్ మీద బతికేవాళ్లను కలిసి, అనుకున్నంత నిరాశ వాళ్లలో లేదని, కుటుంబం, స్నేహాల దగ్గర సంతృప్తి బాగానే ఉందని రాశారు. నిజమే అయ్యుండొచ్చు. ‘పేదవాళ్లే నిజంగా సుఖంగా ఉంటారు’ అనే మాటకు దీన్ని ఊతం చేసుకోవడం మాత్రం అన్యాయం. పైగా మధ్యతరగతితో పోలిస్తే వాళ్ల సంతృప్తి తక్కువేనని ఆ పరిశోధకులే చెప్పారు.

వాన సంతోషాన్ని కూడా మరీ అందంగా చెప్పుకోవద్దు. 2021 నవంబరులో కుండపోత వానకు కదిరిలో భవనం కూలి ప్రాణాలు పోయాయి. కాయ పీకే వేళ పడే ముసురు చేలోనే చెనక్కాయ కట్టెను కుళ్లబెడుతుంది.

ఇక సంతోషం వచ్చాక దాన్ని ఏం చేస్తారు? మన ఊళ్లలో ముందు దాస్తారు. పైరు పచ్చగా ఉన్న చేను గట్టు మీద రైతును “ఈసారి బాగుందే” అని పలకరించండి. “యాడ బాగుందప్పా, ఏదో ఆ సామి దయ” అంటాడు. చంటిబిడ్డ బుగ్గన నల్లచుక్క, కడుతున్న ఇంటికి బూడిద గుమ్మడికాయ, చేలో దిష్టిబొమ్మ. ఎక్కువ నవ్వితే ఏడుపొస్తుందని పెద్దవాళ్లు ఆపేస్తారు. మొహసెన్ జోషన్‌లూ అనే పరిశోధకుడు సంతోషానికి భయపడటాన్ని కొలిచే ప్రశ్నావళి 2013లో తయారుచేసి పలు దేశాల్లో వాడి చూశాడు. ఈ భయం ఒక్క మన దగ్గరే లేదు, చాలా సమాజాల్లో ఏదో ఒక రూపంలో ఉంది. దీన్ని మూఢనమ్మకమని కొట్టేయలేను. అప్పిచ్చినవాడు పక్క వీధిలోనే ఉన్న ఊళ్లో, పంట బాగా వచ్చిందని చాటుకోవడం తెలివైన పని కాదు. అయితే ఏళ్ల తరబడి దాచుకుంటే దాచడమే అలవాటవుతుంది. సొంత బిడ్డ ముందు కూడా సంతోషం నోట రాని తండ్రులు మన ఇళ్లలో ఎంతమంది లేరు?

దాచడానికి ఎదురుగా ఉన్నది పంచుకోవడం. షెల్లీ గేబుల్ 2004 నుంచి చేసిన పరిశోధన నాకు ఈ రంగంలో అన్నిటికన్నా పనికొచ్చేదిగా తోస్తుంది. మంచి కబురు ఎవరికైనా చెప్పుకున్న రోజు ఆ కబురు ఇచ్చే సంతోషానికి పైన ఇంకొంత కలుస్తుందని, అది వినేవాడి జవాబును బట్టి ఉంటుందని ఆమె చూపింది. ఇంగ్లిషు ప్రశ్నావళి వదిలేసి కదిరి బస్టాండులో వినండి. “మామా, మా పిల్లోనికి బెంగుళూర్లో ఉద్యోగం వచ్చింది” అని ఒకాయన చెప్పాడనుకుందాం. ఒక మామ “ఔనా అల్లుడా! యా కంపెనీ? ఫోన్ చేసినాడా? మీయమ్మకు చెప్తే ఏమనింది?” అంటాడు. ఇంకొకాయన “మంచిదేలే” అని బస్సు కోసం చూస్తాడు. మూడో ఆయన “ఆ ఊర్లో బాడిగలకే సరిపోతాది, ఏం మిగుల్తాది?” అంటాడు. నాలుగో ఆయన “మా మోటరు కాలిపోయింది, తెల్సునా?” అని తన కథ ఎత్తుకుంటాడు. గేబుల్ లెక్కలో సంబంధాన్ని గట్టిపరిచేది మొదటి జవాబు ఒక్కటే. మిగతా మూడూ, ఆ మర్యాదగల ‘మంచిదేలే’ తో సహా, కబురును అక్కడే చల్లార్చేస్తాయి. పెద్ద ఖర్చేమీ లేదు, రెండు ప్రశ్నలు ఎక్కువ అడగాలి. మన బౌద్ధంలోనూ యోగసూత్రాల్లోనూ ముదిత అన్న మాట చెప్పేది ఇదే: ఎదుటివాడి సంతోషానికి సంతోషించడం అభ్యాసం చేయాల్సిన పని అని. దానంతట అదే వస్తుందని వాళ్లు కూడా అనుకోలేదు.

ఇక్కడే నేను చెప్పదలచుకున్న అసలు మాట. సీమ రైతు వాన పడగానే విత్తడు, పదును చూస్తాడు. చినుకు తక్కువైతే విత్తనం మాడుతుంది, ఎక్కువైతే మడక కదలదు. పదునును ఎవడూ తయారు చేయలేడు, వచ్చినప్పుడు పోగొట్టుకోకుండా ఉండగలడు, దానికి ముందే నేలను దున్ని ఉంచుకోగలడు. సంతోషంతో మనిషి చేయగలిగింది కూడా అంతే. దాన్ని పిలిస్తే రప్పించవచ్చని చెప్పే సాహిత్యం మొత్తం ఈ దగ్గర తేలిపోతుంది. 2011లో ఐరిస్ మాస్, ఆమె సహచరులు సంతోషంగా ఉండి తీరాలని గట్టిగా కోరుకునేవాళ్లను చూశారు. పరిస్థితులు బాగున్నప్పుడు కూడా వాళ్లకే సంతోషం తక్కువ. దొరికిందా లేదా అని తడిమి చూసుకోవడంలోనే అది జారిపోతోంది. 1995లో ముంబైలో డాక్టర్ మదన్ కటారియా మొదలుపెట్టిన నవ్వుల క్లబ్బులు ఊరూరా పార్కుల్లో వెలిశాయి. ముఖం నవ్వితే మనసు నవ్వుతుందన్న వాదనకు ఆధారం, పళ్ల మధ్య పెన్ను పట్టించి ముఖాన్ని నవ్వేలా చేసిన 1988 నాటి ప్రయోగం. దాన్ని 2016లో 17 ప్రయోగశాలలు తిరిగి చేస్తే ఫలితం రాలేదు. తర్వాతి పెద్ద అధ్యయనం కొద్దిపాటి ప్రభావం ఉందంది. నా అంచనాలో ఆ క్లబ్బుల్లో పనిచేసేది ఉత్తుత్తి నవ్వు కన్నా పొద్దున్నే నలుగురితో కలవడం. బార్బరా ఫ్రెడ్రిక్సన్ 1998లో చెప్పిన మాట మాత్రం నిలిచింది: భయం మనిషి చూపును ఒకచోట బిగిస్తుంది, సంతోషం దాన్ని విప్పుతుంది, ఆడిస్తుంది, కొత్త పనులకు పురిగొల్పుతుంది. ఆమె ఆ తర్వాత మంచి భావాలు చెడ్డవాటికి సుమారు మూడు రెట్లు ఉండాలని ఇచ్చిన లెక్కను 2013లో నిక్ బ్రౌన్, అలన్ సోకల్ తదితరులు తునాతునకలు చేశారు. భావాలను దశాంశాల్లో కొలిచే ఉత్సాహానికి అది తగిన శాస్తే.

ఒంటరి మనిషి సంతోషం గురించి ఇంతసేపు మాట్లాడాం. కదిరిలో సంతోషం ఎక్కువగా గుంపుగా వస్తుంది. ఖాద్రీ నరసింహుడు ఊరివాళ్లకు బేట్రాయి సామి. ఫాల్గుణంలో ఆయన బ్రహ్మోత్సవాలు పదిహేను రోజులు. తేరు రోజున మోకులు పట్టిన వందల చేతులు ఒక్క ఊపున లాగితే గాని ఆ కొయ్య కొండ కదలదు. అది పక్కకు ఒరిగితే చక్రాల కింద మొద్దులు తోసి దారికి తెచ్చే మనుషులు ప్రాణాలకు తెగించి పనిచేస్తారు. జనం మిరియాలు, దవనం తేరు మీదికి విసురుతారు. కింద రాలిన మిరియాలను కాళ్ల మధ్య వంగి ఏరుకుని ప్రసాదంగా కొంగున కట్టుకుంటారు. ముస్లింలు ఈ ఉత్సవాల్లో పాలుపంచుకోవడం ఇక్కడ పాత ఆనవాయితీ. నార్పల మండలం గూగూడులో కుళ్లాయిస్వామి మొహర్రానికి హిందువులు అగ్నిగుండం తొక్కడం దానికి అటు పక్క.

ఎమిల్ డర్క్‌హైమ్ 1912లోనే ఈ పొంగు గురించి రాశాడు: గుంపు కూడినప్పుడు మనిషికి తనలో పట్టనిదేదో అందుతుందని. వందేళ్లకు దాన్ని కొలిచే పరికరాలు వచ్చాయి. స్పెయిన్‌లో సాన్ పెడ్రో మన్రీకే అనే పల్లెలో నిప్పుల మీద నడిచేవాళ్ల గుండె కొట్టుకునే తీరూ, గట్టున నిలబడి చూస్తున్న వాళ్ల బంధువుల గుండె తీరూ ఒకే లయలో పెరిగి తగ్గాయని 2011లో అచ్చయింది. సంబంధం లేని చూపరుల్లో అది కనపడలేదు. గూగూడులో గుండం అంచున నిలబడ్డ తల్లికి ఈ మాట చెప్పడానికి పరికరం అక్కర్లేదనుకోండి. మన దేశంలోనే ప్రయాగ మాఘమేళాకు వెళ్లినవాళ్లనూ, వెళ్లని ఇరుగుపొరుగువాళ్లనూ పోల్చిన 2012 నాటి అధ్యయనం ఇంకా విలువైనది. చలి, రొద, ఇరుకు అన్నీ భరించి వచ్చినవాళ్లు నెల తర్వాత కూడా ముందుకన్నా బాగున్నామన్నారు. ఇంటి దగ్గర ఉండిపోయినవాళ్లలో ఆ మార్పు లేదు.

ఇంతటితో ఊరుకుంటే సగమే చెప్పినట్టు. తేరు ఏ వీధుల్లో తిరుగుతుంది, ఏ వీధి మొగలో వెనక్కి మళ్లుతుంది అన్నది మన తెలుగు ఊళ్లలో చాలాచోట్ల కులం నిర్ణయించిన సంగతి. మోకు పట్టే చేతుల్లో ఆడవాళ్ల చేతులు ఎన్ని? ఆ రోజు ఇంట్లో పాతికమందికి ఓళిగలు వత్తిన మనిషికి పొంగు ఎంత మిగిలింది? సామూహిక ఆనందం మీద వచ్చిన పరిశోధన ఈ ప్రశ్నలను ఎక్కువగా అడగలేదు. లోపలున్నవాళ్ల గుండెలను కొలిచింది, గీత బయట నిలబడ్డవాళ్ల గుండెలను వదిలేసింది.

దుఃఖం మధ్యలో సంతోషాన్ని ఎక్కడ పెట్టాలో తెలిసినవాళ్లు తోలుబొమ్మలాటవాళ్లు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట ఆ కళకు పేరుపడ్డ ఊరు, అక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. సీత ఏడుస్తుండగా తెర మీదికి హాస్య బొమ్మలు కేతిగాడు, బంగారక్క దూకి మోటు హాస్యం మొదలుపెడతారు. చదువుకున్నవాళ్లు అది అసందర్భం అంటారు. తెల్లవార్లూ కూర్చోవలసిన జనానికి ఆ అసందర్భమే ఊపిరి.

చివరగా, సంతోషం అసలే రాని స్థితి. ఇంతకుముందు ఇష్టమైన ఏ పనీ రుచించకపోవడం కుంగుబాటు జబ్బుకు ముఖ్యమైన గుర్తు. అప్పులు, బలవన్మరణాలు తెలిసిన జిల్లాలో దీన్ని ‘మనసు గట్టి చేసుకో’ అని దాటేయకూడదు. 2022 అక్టోబరులో మొదలైన టెలిమానస్ నంబరు 14416, తెలుగులోనే మాట్లాడతారు. చికిత్సల్లో మన పల్లెలకు బాగా పొసగేది గోవాలో విక్రమ్ పటేల్ బృందం చేసి చూపింది. మానసిక వైద్యులు కాని మామూలు మనుషులకు తర్ఫీదు ఇచ్చి, తీవ్రమైన కుంగుబాటుతో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చినవాళ్లతో ఆరు నుంచి ఎనిమిది సార్లు కూర్చోబెట్టారు. 2017లో లాన్సెట్‌లో వచ్చిన ఫలితాలు బాగున్నాయి. పద్ధతి సాదా: మనసు కుదుటపడ్డాక పని చేద్దామని ఆగకుండా, ఒకప్పుడు ఇష్టమైన చిన్న పనిని ముందు తిరిగి మొదలుపెట్టించడం.

కదిరి చుట్టుపక్కల పల్లెల్లో నలభై దాటిన మగవాణ్ని ‘ఒకప్పుడు ఏమి ఇష్టం?’ అని అడిగితే చాలామంది నోట వచ్చేది చెక్కభజనో, కోలాటమో, ఉరుముల మేళమో. ఆ పనిని ఒక్కడే తిరిగి మొదలుపెట్టలేడు. చెక్కభజనకు ఎదురెదురు వరుసలు కావాలి, మద్దెల వాయించేవాడు కావాలి, పాట చెప్పే గురువు కావాలి. ఆ వరుసల్లో నిలబడాల్సిన పిల్లలు బెంగళూరులో కార్లు నడుపుతున్నారు, కట్టడాల దగ్గర ఉన్నారు, తేరుకు ఒకటి రెండు రోజులు వచ్చి పోతున్నారు. కాబట్టి ఇక్కడ ఆ గోవా పద్ధతిని నడపాలనుకునేవాళ్లు మనిషి పేరుతో పాటు ఆ ఊళ్లో భజన జట్టు ఇంకా ఉందా, ఎంతమంది మిగిలారు, మద్దెల ఎవరింట్లో ఉంది అన్నది కూడా చీటీలో రాసుకోవాల్సి ఉంటుంది.